విండోస్‌లో పోస్ట్‌గ్రెస్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేయడం: ముందు అది మీకు నిజంగా అవసరమో కాదో చూసుకోండి

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: విండోస్ 11 ల్యాప్‌టాప్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ అని పిలిచే డేటాబేస్) 17 సోర్స్ కోడ్ దింపుకున్నారు, వీడియోలో చెప్పినట్టు టూల్స్ కింద ఉండే ఎంఎస్‌వీసీ ఫోల్డర్‌లోకి వెళ్లి బిల్డ్ డాట్ పీఎల్ నడుపుదామంటే అసలు ఆ ఫోల్డరే లేదు. ఆఫీసులో పీజీవెక్టర్ (వెక్టర్లు దాచి వెతకడానికి పోస్ట్‌గ్రెస్‌కి తగిలించే ఎక్స్‌టెన్షన్) కావాలన్నారు, రెండు రోజులు పోయాయి, సోమవారానికి చూపించాలి.

ముందు మీ పని అయ్యే మాట చెప్తాను. పీజీవెక్టర్ కోసమే అయితే పోస్ట్‌గ్రెస్ సర్వర్‌ను కంపైల్ చేయాల్సిన పనే లేదు. ఈడీబీ అనే కంపెనీ ఇచ్చే విండోస్ ఇన్‌స్టాలర్‌తో 17 వేసుకోండి, దాని మీద పీజీవెక్టర్‌ను మాత్రం కంపైల్ చేసుకోండి. ఆ భాగం అరగంట పని. సర్వర్‌నే కంపైల్ చేయాలని పట్టుదల ఉంటే అదీ చేయొచ్చు, కాకపోతే ఆ వీడియోని పక్కన పెట్టేయండి, 17కి అది పనికిరాదు.

ఆ ఫోల్డర్ లేకపోవడం మీ తప్పు కాదు. మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియోతో కంపైల్ చేయడానికి ఏళ్ల తరబడి పెర్ల్ స్క్రిప్టులు ఉండేవి, బిల్డ్ డాట్ పీఎల్, ఇన్‌స్టాల్ డాట్ పీఎల్, వీసీరిగ్రెస్ డాట్ పీఎల్ అని. 2023లో వచ్చిన 16వ వెర్షన్‌లో మెసన్ అనే బిల్డ్ సిస్టమ్ కొత్తగా చేరింది, ఆ ఒక్క వెర్షన్‌లో రెండు దారులూ ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో 17 వచ్చేసరికి పాత స్క్రిప్టులు మొత్తం ఎత్తేశారు. అంటే 17 నుంచి విజువల్ స్టూడియోతో కట్టాలంటే మెసన్ ఒక్కటే దారి. నెట్‌లో దొరికే పాఠాల్లో ఎక్కువ భాగం అంతకు ముందువి, అందుకే మీలాంటి ప్రశ్న నాకు నెలకొకటైనా వస్తుంది.

పీజీవెక్టర్ సంగతి ముందు తేల్చేద్దాం. విండోస్ ఇన్‌స్టాలర్‌తో పోస్ట్‌గ్రెస్ వేసుకున్నప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ కింద దాని ఫోల్డర్‌లో ఇన్‌క్లూడ్, లిబ్ అని రెండు ఉంటాయి చూడండి. ఇన్‌క్లూడ్‌లో సర్వర్ హెడర్ ఫైళ్లు, లిబ్‌లో పోస్ట్‌గ్రెస్ డాట్ లిబ్ అనే ఫైలు. ఎక్స్‌టెన్షన్ కంపైల్ చేయడానికి సర్వర్ వైపు నుంచి కావాల్సింది అంతే. ఇక మీ దగ్గర ఉండాల్సింది విజువల్ స్టూడియో సీ ప్లస్ ప్లస్ కంపైలర్. మొత్తం స్టూడియో అక్కర్లేదు, బిల్డ్ టూల్స్ చాలు, అందులో సీ ప్లస్ ప్లస్ డెస్క్‌టాప్ డెవలప్‌మెంట్‌కి టిక్ పెట్టండి. కొన్ని జీబీలు దిగుతుంది, మొబైల్ హాట్‌స్పాట్ మీద మొదలుపెట్టకండి.

తర్వాత స్టార్ట్ మెనూలో ఎక్స్64 నేటివ్ టూల్స్ కమాండ్ ప్రాంప్ట్ అని ఉంటుంది, దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి (ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి ఫైళ్లు కాపీ చేయాలి కాబట్టి ఇక్కడ మాత్రం అడ్మిన్ కావాలి). పీజీరూట్ అనే వేరియబుల్‌కి పోస్ట్‌గ్రెస్ ఫోల్డర్ పాత్ ఇచ్చి, పీజీవెక్టర్ సోర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి మేక్‌ఫైల్ డాట్ విన్ అనే ఫైలుతో ఎన్‌మేక్ (మైక్రోసాఫ్ట్ బిల్డ్ టూల్) నడపాలి, ఆ తర్వాత అదే కమాండ్ చివర ఇన్‌స్టాల్ అని తగిలించి ఇంకోసారి. కమాండ్ అక్షరం పొల్లుపోకుండా వాళ్ల రీడ్‌మీలో ఉంది, అక్కడి నుంచే కాపీ చేసుకోండి. చివర్లో క్రియేట్ ఎక్స్‌టెన్షన్ అన్నప్పుడు పేరు పీజీవెక్టర్ కాదు, ఒట్టి వెక్టర్. ఇక్కడ ఆగిపోయి గంట కొట్టుకున్నవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. ఇంకొకటి, ఎక్స్‌టెన్షన్ ఏ డేటాబేస్‌లో క్రియేట్ చేస్తే అందులోనే ఉంటుంది, పక్క డేటాబేస్‌లో మళ్లీ చేసుకోవాలి. అలాగే 16 మీద కంపైల్ చేసిన డీఎల్ఎల్ (నడిచేటప్పుడు ప్రోగ్రామ్ లోడ్ చేసుకునే లైబ్రరీ ఫైలు) తెచ్చి 17లో పెడితే లోడ్ కాదు. మేజర్ వెర్షన్ కలవకపోతే సర్వర్ నేరుగా ఎర్రర్ కొట్టి నిరాకరిస్తుంది, అది మంచికే.

మీ సోమవారం గండం ఇక్కడితో గట్టెక్కినట్టే. కింద రాసేది సర్వర్‌ను నిజంగానే కంపైల్ చేయాల్సినవాళ్లకి: సర్వర్ కోడ్‌లో మార్పు చేసి చూడాలనుకునేవాళ్లు, ప్యాచ్ పరీక్షించేవాళ్లు, డీబగ్గర్ తగిలించి లోపల ఏం జరుగుతోందో చూడాలనుకునేవాళ్లు. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లో కూడా ఇదే మాట ఉంటుంది, విండోస్‌లో సోర్స్ నుంచి కట్టడం డెవలపర్లకీ ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్లకీ మాత్రమే, మిగతావాళ్లు ఇన్‌స్టాలర్ వాడుకోండని.

సామాను లెక్క ఇదీ. పైన చెప్పిన కంపైలర్, పైథాన్ (మెసన్, అది వాడుకునే నింజా రెండూ పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో వచ్చేస్తాయి), పెర్ల్, బైసన్, ఫ్లెక్స్ (చివరి రెండూ ఎస్‌క్యూఎల్ చదివే సీ కోడ్‌ను తయారుచేసే టూల్స్). 17 నుంచి ఇంకో మార్పు కూడా ఉంది: అంతకు ముందు సోర్స్ టార్‌బాల్‌లో (మనం దింపుకునే కోడ్ మూట) బైసన్, ఫ్లెక్స్ తయారుచేసే ఫైళ్లు ముందే వండి పెట్టేవారు, కాబట్టి అవి లేకపోయినా బండి నడిచేది. ఇప్పుడు అవి రావు, ఎవరి వంట వాళ్లే చేసుకోవాలి. విండోస్‌కి విన్‌ఫ్లెక్స్‌బైసన్ అనే ప్యాకేజీ ఉంది, అది వేసుకోండి. అందులో ప్రోగ్రాముల పేర్ల ముందు విన్ అని ఉంటుంది, దాన్ని చూసి ఫైళ్ల పేర్లు మార్చకండి, మెసన్ ఆ పేరుతో కూడా వెతుకుతుంది. ఎక్కడో పాత బ్లాగు చూసి గ్నూవిన్32 బైసన్ వేసుకుంటే మాత్రం ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టకండి, పాత్ మధ్యలో ఖాళీ ఉంటే దానికి పిచ్చెక్కుతుంది. అసలు ఈ పనంతా సీ డ్రైవ్ మీద నేరుగా పీజీసోర్స్, పీజీఇన్‌స్టాల్ లాంటి చిన్న పేర్ల ఫోల్డర్లలో పెట్టుకోండి. డెస్క్‌టాప్ మీద, అందులోనూ వన్‌డ్రైవ్ సింక్ అవుతున్న డెస్క్‌టాప్ మీద వద్దు.

ఇక పెర్ల్. స్ట్రాబెర్రీ పెర్ల్ వేసుకోండి. ఇక్కడే రెండు గోతులు ఉన్నాయి, రెండింట్లోనూ నేను పడ్డాను.

మొదటిది, విండోస్ గిట్ తనతోపాటు సొంత పెర్ల్ ఒకటి తెచ్చుకుంటుంది. అది ఎంసిస్ (విండోస్ మీద యూనిక్స్ టూల్స్ నడిపే ఏర్పాటు) రకం, ఈ బిల్డ్‌కి పనికిరాదు. అంతేకాదు, అదే ఫోల్డర్‌లో లింక్ డాట్ ఈఎక్స్ఈ అని కూడా ఒకటి ఉంటుంది. పేరు మైక్రోసాఫ్ట్ లింకర్‌దే, కానీ దాని పని వేరు, ఫైలుకి హార్డ్ లింక్ పెట్టే చిన్న యూనిక్స్ ప్రోగ్రామ్ అది. గిట్ బాష్ విండోలో కూర్చుని మెసన్ నడిపారనుకోండి, ముందు దొరికేది అదే, మైక్రోసాఫ్ట్ లింకర్‌కి బదులు గ్నూ లింక్ దొరికింది అని మెసన్ గొడవ పెడుతుంది. కాబట్టి గిట్ బాష్‌లో చేయకండి, నేటివ్ టూల్స్ ప్రాంప్ట్‌లోనే చేయండి. అనుమానం వస్తే వేర్ పెర్ల్, వేర్ లింక్ అని కొట్టి చూడండి, మొదటి లైన్‌లో ఎవరు వస్తున్నారో వాళ్లే మీ పని చేసేది.

రెండోది, స్ట్రాబెర్రీ పెర్ల్ తన వెంట ఒక జీసీసీ కంపైలర్‌ని తెచ్చి పాత్‌లో పెడుతుంది. మీరు మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో మెసన్ నడిపితే మైక్రోసాఫ్ట్ కంపైలర్ కనపడక, ఆ జీసీసీని పట్టుకుని చక్కగా ముందుకెళ్లిపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు! గంట తర్వాత విజువల్ స్టూడియో డీబగ్గర్‌లో సింబల్స్ రావట్లేదేమిటా అని తల పట్టుకుంటారు. సెటప్ మొదట్లోనే హోస్ట్ మెషిన్‌కి సీ కంపైలర్ ఏది అని ఒక లైన్ వస్తుంది, అక్కడ సీఎల్ (మైక్రోసాఫ్ట్‌ది) అని ఉందా జీసీసీ అని ఉందా చూడండి.

ప్రాంప్ట్ విషయంలో ఇంకో తిరకాసు. స్టార్ట్ మెనూలో డెవలపర్ కమాండ్ ప్రాంప్ట్ అని ఒకటి, ఎక్స్64 నేటివ్ టూల్స్ అని ఇంకొకటి కనిపిస్తాయి. మొదటిది మామూలుగా 32 బిట్ కంపైలర్‌తో తెరుచుకుంటుంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి దాంట్లో మొదలుపెట్టి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) మాత్రం 64 బిట్‌ది తగిలించి, లింకర్ ఎర్రర్ ఎల్‌ఎన్‌కే1112 ఎందుకు వస్తోందని సాయంత్రం దాకా చూశాడు. మెషిన్ టైప్ ఎక్స్64, ఎక్స్86 కలవట్లేదని ఆ మెసేజ్‌లోనే స్పష్టంగా ఉంటుంది, కానీ ఎర్రగా కనపడగానే మనం చదవడం మానేసి గూగుల్‌లో అతికిస్తాం కదా.

అసలు పని నాలుగు కమాండ్లు. మెసన్ సెటప్ (బిల్డ్ ఫోల్డర్ పేరు, ఇన్‌స్టాల్ అవ్వాల్సిన ఫోల్డర్ అంటే ప్రిఫిక్స్ ఇచ్చి), తర్వాత కంపైల్, తర్వాత టెస్ట్, తర్వాత ఇన్‌స్టాల్. నా పాత ల్యాప్‌టాప్‌లో కంపైల్‌కి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. యాంటీవైరస్ ప్రతి ఆబ్జెక్ట్ ఫైలునీ తెరిచి వాసన చూస్తుంటే అది రెట్టింపైనా ఆశ్చర్యం లేదు, బిల్డ్ ఫోల్డర్‌ని డిఫెండర్ ఎక్స్‌క్లూజన్‌లో పెట్టుకోండి. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లని అడిగే చేయండి.

ఇప్పుడు ఈ మొత్తం సమాధానంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది. మెసన్ సెటప్ అయ్యాక వచ్చే సమ్మరీని పూర్తిగా చదవండి. కింద ఎక్స్‌టర్నల్ లైబ్రరీస్ అని ఒక పట్టిక వస్తుంది: ఐసీయూ, ఎస్‌ఎస్‌ఎల్, జీలిబ్, ఎల్‌జడ్4 (చివరి రెండూ కంప్రెషన్‌వి), ఇలా వరసగా, పక్కన ఎస్ లేదా నో అని. వీటిలో ఎక్కువ భాగం డిఫాల్ట్‌గా ఆటో. ఆటో అంటే దొరికితే కలుపుకుంటుంది, దొరక్కపోతే నోరెత్తకుండా వదిలేస్తుంది. లైనక్స్‌లో ఈ లైబ్రరీలు చాలావరకు సిస్టమ్‌లోనే ఉంటాయి కాబట్టి పెద్దగా బాధ ఉండదు, విండోస్‌లో మీరు తెచ్చిపెడితే తప్ప దాదాపు ఏదీ ఉండదు. కొత్తగా కట్టినవాళ్ల సమ్మరీలో దాదాపు అన్నీ నో ఉంటాయి, అయినా బిల్డ్ సక్సెస్ అనే వస్తుంది.

నాకు తగిలిన దెబ్బ చెప్తాను. (ఇక్కడ ఐసీయూ అంటే ఆసుపత్రిది కాదు, యూనికోడ్ లైబ్రరీ, భాషల వారీగా అక్షర క్రమం చూసుకునేది.) ఒక క్లయింట్ దగ్గర గ్రామాల పేర్లు తెలుగులో ఉన్న టేబుల్, ఆ కాలమ్‌కి తెలుగు ఐసీయూ కొలేషన్ (అక్షర క్రమ నియమం) పెట్టి ఉంది. ఏదో బగ్ పట్టుకోవడానికి నేను సోర్స్ నుంచి కట్టిన సర్వర్ మీద వాళ్ల బ్యాకప్ రీస్టోర్ చేశాను. మొదట రీస్టోరే మొండికేసింది, బ్యాకప్ కంప్రెస్ అయి ఉంది, నా బిల్డ్‌లో జీలిబ్ లేదు. సరే అని జీలిబ్ తెచ్చి మళ్లీ కట్టాను. ఈసారి ఆ టేబుల్ దగ్గర ఆగింది, టీఈ-ఎక్స్-ఐసీయూ అనే కొలేషన్ లేనే లేదట. బ్యాకప్ పాడైందేమో అని క్లయింట్‌కి ఫోన్ చేసి వాళ్లని కూడా భయపెట్టాను. మర్నాడు పొద్దున ప్రశాంతంగా సమ్మరీ తెరిస్తే ఐసీయూ నో, జీలిబ్ ఎస్. అంటే మొదటి రోజు జీలిబ్ కోసం అదే పట్టిక చూసినప్పుడు పక్క లైన్ చదవలేదన్నమాట.

అప్పటి నుంచి నాకు కావాల్సినవి ఆటోకి వదలను. ఐసీయూ ఎనేబుల్డ్, జీలిబ్ ఎనేబుల్డ్, ఎస్‌ఎస్‌ఎల్‌కి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అని సెటప్‌లోనే రాసేస్తాను. అలా రాస్తే లైబ్రరీ దొరకనప్పుడు సెటప్ అక్కడికక్కడే ఆగిపోతుంది. లైబ్రరీలు తెచ్చుకోవడానికి నేను వీసీపీకేజీ (సీ, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీల ప్యాకేజీ మేనేజర్) వాడతాను, ఐసీయూ కట్టడానికి అది చాలాసేపు తీసుకుంటుంది, భోజనం చేసి రండి. దొరికాక వాటి ఇన్‌క్లూడ్, లిబ్ ఫోల్డర్లను ఎక్స్‌ట్రా ఇన్‌క్లూడ్ డిర్స్, ఎక్స్‌ట్రా లిబ్ డిర్స్ అనే ఆప్షన్లకి ఇవ్వాలి. వీసీపీకేజీలో డీబగ్ అని విడిగా ఇంకో లిబ్ ఫోల్డర్ ఉంటుంది, అది కాదు, పైనున్నది.

అన్నీ ఎస్ అని వచ్చాయి, కంపైల్ అయింది, ఇన్‌స్టాల్ అయింది. ఇక ఇనిట్‌డీబీ (కొత్త డేటా ఫోల్డర్ సిద్ధం చేసే ప్రోగ్రామ్) కొడితే వచ్చే వింత ఎర్రర్ ఒకటుంది, దీని మీద నేను ఒక పూట పోగొట్టుకున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నా. ఇనిట్‌డీబీకి పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రామ్ కావాలి, కానీ అదే ఫోల్డర్‌లో అది కనపడలేదు అంటుంది. మీరు ఫోల్డర్ తెరిచి చూస్తే పోస్ట్‌గ్రెస్ డాట్ ఈఎక్స్ఈ పక్కనే కూర్చుని ఉంటుంది! సంగతేమిటంటే, ఇనిట్‌డీబీ ఆ ఫైలు ఉందో లేదో చూసి ఊరుకోదు, దాన్ని వెర్షన్ అడుగుతూ ఒకసారి నడిపి చూస్తుంది. ఆ నడపడం విఫలమైనా సరే, బయటికి చెప్పేది మాత్రం కనపడలేదు అనే. ఎందుకు నడవలేదు? ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్ల లిబ్‌క్రిప్టో డీఎల్ఎల్, ఐసీయూ డీఎల్ఎల్‌లు పాత్‌లో లేవు. కంపైల్ చేసేటప్పుడు లిబ్ ఫైలు దొరికింది, నడిపేటప్పుడు డీఎల్ఎల్ దొరకలేదు, ఇవి రెండూ వేర్వేరు. పోస్ట్‌గ్రెస్‌ని విడిగా వెర్షన్ ఆప్షన్‌తో నడిపి చూడండి, డీఎల్ఎల్ లేదని పాపప్ వస్తే వస్తుంది, లేకపోతే ఎగ్జిట్ కోడ్ మైనస్ 1073741515 అని వస్తుంది. ఆ వికారమైన నంబర్‌కి అర్థం డీఎల్ఎల్ దొరకలేదు అనే. ఏ డీఎల్ఎల్ కావాలో తెలియకపోతే నేటివ్ టూల్స్ ప్రాంప్ట్‌లో డంప్‌బిన్‌కి డిపెండెంట్స్ ఆప్షన్ ఇచ్చి అడగండి, జాబితా ఇస్తుంది. ఆ ఫైళ్లు తెచ్చి ఇన్‌స్టాల్ అయిన బిన్ ఫోల్డర్‌లో పడేస్తే సరి. సిస్టమ్32లో మాత్రం పడేయకండి దయచేసి.

చిన్నచిన్నవి ఇంకొన్ని. సర్వర్‌ని అడ్మినిస్ట్రేటర్ ప్రాంప్ట్ నుంచి పోస్ట్‌గ్రెస్ డాట్ ఈఎక్స్ఈ అని నేరుగా నడిపితే ఒప్పుకోదు, అడ్మిన్ హక్కులతో నడవనని కరాఖండిగా చెప్పేస్తుంది. సర్వర్‌ని నడిపి ఆపే పీజీ కంట్రోల్ ప్రోగ్రామ్ ద్వారా మొదలుపెడితే అదే హక్కులు తగ్గించి నడుపుతుంది. డేటా ఫోల్డర్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టకండి. ఇన్‌స్టాలర్‌తో వేసిన పోస్ట్‌గ్రెస్ ఇప్పటికే 5432 పోర్టులో నడుస్తుంటే మీ బిల్డ్‌కి 5433 ఇవ్వండి, లేకపోతే కోడ్‌లో మార్పు చేసి, కనెక్ట్ అయ్యింది పాత సర్వర్‌కి అని తెలియక, నా మార్పు పనిచేయట్లేదేమిటి అనుకుంటారు. నవ్వకండి, నేనూ అనుకున్నాను.

సర్వర్ లాగ్‌లో షేర్డ్ మెమరీ రీజియన్ రిజర్వ్ చేయలేకపోయాను, ఎర్రర్ కోడ్ 487 అని కనపడితే మీ కంపైలేషన్‌ని తిట్టుకోకండి. లైనక్స్‌లో ప్రతి కనెక్షన్‌కీ ఫోర్క్ (ప్రాసెస్‌కి నకలు తీయడం) చేస్తే పిల్ల ప్రాసెస్‌కి తల్లి మెమరీ యథాతథంగా వచ్చేస్తుంది. విండోస్‌లో ఫోర్క్ లేదు, ప్రతిసారీ కొత్త ప్రాసెస్ పుట్టించి, షేర్డ్ మెమరీని తల్లి దగ్గర ఏ అడ్రస్‌లో ఉందో సరిగ్గా అదే అడ్రస్‌లో పెట్టాలి. ఆ చోట ముందే వేరే డీఎల్ఎల్ వచ్చి కూర్చుంటే ఇంతే సంగతులు, ఎక్కువగా ప్రతి ప్రాసెస్‌లోకీ తమ డీఎల్ఎల్ దూర్చే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ల పని అది. ఎక్స్‌క్లూజన్ పెట్టి చూడండి.

డబ్ల్యూఎస్‌ఎల్‌లో (విండోస్ లోపలే లైనక్స్ నడిపే ఏర్పాటు) చేస్తే పోదా అని కింద ఇంకొకరు అడిగారు. నేర్చుకోవడానికే అయితే పోతుంది, హాయిగా ఉంటుంది కూడా, నేనే చాలాసార్లు అలా చేస్తాను. కానీ వచ్చేది లైనక్స్ ప్రోగ్రామ్, విండోస్ ఈఎక్స్ఈ కాదు, విండోస్‌లో మాత్రమే వచ్చే బగ్ అందులో దొరకదు. ఒక జాగ్రత్త: విండోస్ వైపు గిట్‌తో క్లోన్ చేసిన ఫోల్డర్‌లోకి డబ్ల్యూఎస్‌ఎల్ నుంచి వెళ్లి కాన్ఫిగర్ స్క్రిప్ట్ నడపకండి. విండోస్ గిట్ లైన్ ఎండింగ్స్ మార్చి పెట్టి ఉంటే, మొదటి లైన్‌లోనే షెల్ దొరకలేదని చస్తుంది. పైగా సీ డ్రైవ్ ఫైళ్లను అటు నుంచి చదవడం నత్తనడక. లైనక్స్ వైపు హోమ్‌లోనే విడిగా క్లోన్ చేసుకోండి.

డేటాబేస్‌ను సోర్స్ నుంచి కట్టడం ఎలా ఉంటుందో ఒకసారి చూడాలి అన్నదే కోరికైతే, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తో మొదలుపెట్టండి. దాని అమాల్గమేషన్ జిప్ దింపుకుంటే మొత్తం ఇంజిన్ ఒకే సీ ఫైలులో ఉంటుంది, రెండు లక్షల లైన్లకి పైనే. షెల్ డాట్ సీ, ఎస్‌క్యూలైట్3 డాట్ సీ రెండూ కలిపి సీఎల్‌కి ఒక్క లైన్‌లో ఇస్తే నిమిషం తిరక్కుండా ఈఎక్స్ఈ వచ్చేస్తుంది. కంపైలర్ సరిగ్గా ఇన్‌స్టాల్ అయిందో లేదో చూసుకోవడానికి కూడా నేను ముందు ఇదే కడతాను.

సర్వర్ బిల్డ్‌తోనే ముందుకెళ్తానంటే, ఆగిన చోట స్క్రీన్‌షాట్ పెట్టకండి, చివరి రెండు లైన్లూ పెట్టకండి. బిల్డ్ ఫోల్డర్ లోపల మెసన్ లాగ్స్ అనే ఫోల్డర్‌లో లాగ్ ఫైలు ఉంటుంది, అది పెట్టండి, దాంతోపాటు వేర్ పెర్ల్ ఇచ్చిన జవాబు, ఏ ప్రాంప్ట్‌లో నడిపారన్నదీ రాయండి. ఆదివారం మధ్యాహ్నం దాకా నేను ఇటు చూస్తూనే ఉంటాను.